తిరిగే నాటకశాల మీద తిరిగి తిరిగి వచ్చే పుకారు

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో నగరం దగ్గర డిస్నీ సంస్థ వారి మ్యాజిక్ కింగ్‌డమ్ అనే వినోద ఉద్యానం ఉంది. అందులో కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే పాత ప్రదర్శనను ఎత్తేస్తున్నారన్న మాట కొన్నేళ్లకొకసారి పుడుతుంది, ఫోన్లలో ఊరేగుతుంది, తరువాత సద్దుమణుగుతుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఒడిశా సరిహద్దు ఊళ్లలోని తెలుగు ఇళ్లకు ఈ సంగతితో ఏం పని అనుకోనక్కరలేదు. పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లు ఈ ఊళ్లలోనూ ఉన్నాయి. వాళ్లను చూడడానికి వెళ్లిన పెద్దవాళ్లను ఏదో ఒక సెలవులో ఓర్లాండో తీసుకువెళ్లడం మామూలే. ఎత్తు నుంచి దూకే బండ్లు ఎక్కలేని పెద్దలను చల్లటి గదిలో ఇరవై నిమిషాలపాటు హాయిగా కూర్చోబెట్టే ప్రదర్శనల్లో ఇది ఒకటి కనుక, అక్కడ చూసి వచ్చినవాటిలో వాళ్లకు బాగా గుర్తుండిపోయేది తరచుగా ఇదే అవుతుంది.

ఆ నాటకశాల ఎలా పనిచేస్తుందో తెలిస్తే తప్ప ఈ పుకారు ఎందుకు ఆగదో బోధపడదు. మామూలు నాటకంలో ప్రేక్షకులు కదలకుండా కూర్చుంటారు, రంగం మీద తెరలు మారుతాయి. ఇక్కడ రంగస్థలాలు భవనం మధ్యలో ఉన్నచోటే ఉంటాయి. వాటి చుట్టూ వలయంగా అమర్చిన ఆరు ప్రేక్షకశాలలు ఒక్కసారిగా కదిలి తరువాతి రంగం ముందు ఆగుతాయి. ఒక్కొక్క శాలలో సుమారు 240 మంది కూర్చోవచ్చు. జనం లోపలికి రావడానికి ఒక మజిలీ, బయటికి పోవడానికి ఒక మజిలీ, మధ్యలో నాలుగు అంకాలు. నటులు మనుషులు కారు. ముందే నమోదు చేసిన మాటలకు అనుగుణంగా పెదవులు, కళ్లు, చేతులు కదిలించే యంత్రపు బొమ్మలు. ఒక తండ్రి తన ఇంటిని పరిచయం చేస్తూ ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల నుంచి 1920ల మీదుగా, 1940ల మీదుగా నేటి కాలానికి వస్తాడు. మొదటి అంకంలో ఐస్ పెట్టె, చేతిపంపు ఉంటాయి. రెండో అంకంలో విద్యుత్తు తీగలు గదంతా అల్లుకుపోయి ఫ్యూజు కాలిపోతుంది. మూడో అంకంలో ఇంటిలోకి రిఫ్రిజిరేటరు, టెలివిజన్ వస్తాయి. నాలుగో అంకం ‘ఇప్పటి’ ఇల్లు. తగాదా అంతా ఆ నాలుగో అంకంతోనే.

ఈ ప్రదర్శనకు బీజం 1950ల చివరలో పడింది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో ఎడిసన్ పేరుతో ఒక కూడలి కట్టి, విద్యుత్తు ఇంటి జీవితాన్ని ఎలా మార్చిందో చూపాలని డిస్నీ సంస్థ వ్యవస్థాపకుడు వాల్ట్ డిస్నీ, విద్యుత్తు సరుకులు తయారు చేసే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వారు కలిసి ఆలోచించారు. ఆ కూడలి కట్టనే లేదు. కానీ 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన రాబోతుండడంతో అదే ఆలోచనకు ప్రాణం వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 22న మొదలైన ఆ ప్రదర్శన కోసం డిస్నీ సంస్థ నాలుగు సంస్థల తరఫున నాలుగు వినోదాలను తయారు చేసింది. జనరల్ ఎలక్ట్రిక్ మండపంలో పెట్టిన ఈ తిరిగే నాటకశాల వాటిలో ఒకటి. 1964, 1965 సంవత్సరాల్లో అది జనాన్ని విశేషంగా ఆకర్షించింది. వాల్ట్ డిస్నీ 1966 డిసెంబర్‌లో మరణించారు. ఆయన స్వయంగా దగ్గరుండి తీర్చిదిద్దిన పని కావడం వల్ల దీని మీద చేయి వేయడానికి సంస్థలో తరువాతివారు జంకుతారని అభిమానులు నేటికీ నమ్ముతారు. ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది, అయితే పూర్తి నిజం లేదు. ఎందుకంటే దీని మీద చేయి వేయడం ఆయన పోయిన ఏడేళ్లకే జరిగింది.

1967 జూలైలో నాటకశాల డిస్నీల్యాండ్‌కు మారింది. 1973 సెప్టెంబర్‌లో అక్కడ మూతపడింది. చూసిన జనమే మళ్లీ మళ్లీ చూస్తున్నారని, తూర్పు తీరంలో కొత్త ప్రేక్షకులు దొరుకుతారని జనరల్ ఎలక్ట్రిక్ తలచడం అందుకు కారణం. కాలిఫోర్నియాలోని ఆ గుండ్రటి భవనంలోకి 1974లో మరొక సంగీత ప్రదర్శన వచ్చింది; అది కూడా 1988లో పోయింది. బొమ్మలు మాత్రం 1975 జనవరి 15న ఫ్లోరిడాలో కొత్త భవనంలో తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాయి, అయితే శాల తిరిగే దిశ ఎదురైంది, పాట మారింది. పాత పాట రాబోయే గొప్ప రేపటిని కీర్తించేది. రేపటి దాకా ఆగమని జనానికి చెప్పినట్లు అవుతుందని, సరుకులు ఇవాళే కొనాలని కంపెనీ కోరుకుందని చెబుతారు. అలా వర్తమానాన్ని పొగిడే కొత్త పాట వచ్చింది. ఒక సరుకుల కంపెనీ భవిష్యత్తుకు భయపడిన సందర్భం ఇంత నేరుగా మరెక్కడా కనపడదు.

ఈ రెండు తరలింపుల వల్ల ఒక విషయం స్పష్టమవుతుంది. ఈ ప్రదర్శన ఎన్నడూ కదలని గుడి కాదు. ఒక చోట ఎత్తేసి మరో చోట పెట్టిన చరిత్ర దానికి పుట్టుకతో ఉంది కాబట్టి, దాన్ని మళ్లీ ఎత్తేస్తారన్న మాట వినగానే నమ్మబుద్ధి అవుతుంది.

పుకారుకు అసలు బలం వచ్చింది 1985లో. ఆ ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ ఒప్పందం ముగిసింది, ఆ తరువాత ఖర్చంతా ఉద్యానం మీదే పడింది. కొత్త సరుకు చూపించాలనే తొందర ఉన్న కంపెనీ వెళ్లిపోయాక నాలుగో అంకాన్ని తరచుగా మార్చే అవసరం ఎవరికీ లేకపోయింది. 1993, 1994 సంవత్సరాల్లో ఒకసారి పెద్ద మార్పు చేసి, పాత పాటను తిరిగి తెచ్చి, పేరుకు ముందు వాల్ట్ డిస్నీ పేరు కూడా తగిలించారు. అప్పటి చివరి అంకం పండుగ రోజున ఒక ఇల్లు: నాయనమ్మ కళ్లకు పరికరం తగిలించుకుని వర్చువల్ రియాలిటీ ఆట ఆడుతుంటుంది, మాట వింటే పనిచేసే పొయ్యి ఏదో అంకె విని టర్కీ కోడిని మాడ్చేస్తుంది, కార్లో ఫోను గురించి, లేజర్ డిస్కుల గురించి అబ్బురంగా మాట్లాడుకుంటారు. ముప్పై ఏళ్ల తరువాత ఆ మాటలు వింటున్న కుర్రవాళ్లకు లేజర్ డిస్కు అంటే ఏమిటో వివరించవలసి వస్తోంది. మొదటి మూడు అంకాలు ఎప్పుడో గడిచిపోయిన కాలానివి కాబట్టి ఇక పాతబడవు. నాలుగోది మాత్రం ప్రతి ఏడూ కాస్త కాస్తగా పాతబడుతుంది. ప్రగతిని చూపిస్తానని చెప్పుకున్న ప్రదర్శన తన గడియారాన్ని తానే మెడకు కట్టుకుంది. వదంతికి అసలు వేరు కంపెనీ కార్యాలయంలో కాక ఈ అంకంలోనే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దీనికి జనం లెక్క కూడా తోడైంది. కొన్ని నిమిషాలకొకసారి 240 మందిని లోపలికి తీసుకునే శక్తి ఉన్న శాలలో చాలాసార్లు సగం కుర్చీలు కూడా నిండవు. 2001 సెప్టెంబర్ దాడుల తరువాత ప్రయాణికులు తగ్గినప్పుడు దీన్ని రద్దీ రోజులకే పరిమితం చేశారు, అలా మూసీ తెరిచీ నడిపిన కాలమంతా ‘ఇక తెరవరు’ అన్న మాట వినపడుతూనే ఉంది. ఉద్యానంలో, చీకట్లో దూసుకుపోయే బండ్లతో జనం కిక్కిరిసే స్పేస్ మౌంటెన్ పక్కన, ఇంత పెద్ద గుండ్రటి స్థలం సగం ఖాళీగా తిరుగుతుంటే అక్కడ మరేదైనా కట్టవచ్చని అనుకోవడానికి పెద్ద ఊహాశక్తి అక్కరలేదు.

ఇలాంటి మాటలు నిజమైన సందర్భాలు అదే ఉద్యానంలో ఉన్నాయి. 1994 సెప్టెంబర్‌లో జలాంతర్గామి విహారాన్ని తాత్కాలికంగా అని చెప్పి ఆపారు; 1996లో ఇక ఉండదని తేల్చారు. 1997 అక్టోబర్‌లో మిస్టర్ టోడ్ అనే కథలోని కప్ప పేరుతో ఉన్న విహారాన్ని తీసేయబోతున్నారని స్థానిక పత్రికలో వార్త వచ్చినప్పుడు అభిమానులు ఉద్యానంలోకి చేరి నిరసన తెలిపారు, ఉత్తరాలు రాశారు. అయినా 1998 సెప్టెంబర్ 7న అది మూతపడింది, 1999లో దాని స్థానంలో మరొకటి వచ్చింది. ఇక 2024 ఆగస్టులో ఉద్యానంలోని నదిని, దాని మధ్య దీవిని, అందులో తిరిగే చక్రాల నావను తీసేసి కార్స్ అనే బొమ్మల సినిమా ప్రపంచం కడతామని సంస్థ స్వయంగా ప్రకటించింది. 2025 జూలై 6 దానికి చివరి రోజైంది. 1971 నుంచి ఉన్న నదినే పూడ్చగలిగినప్పుడు సగం ఖాళీ నాటకశాల ఏపాటిది అన్న ప్రశ్నతో పుకారు మళ్లీ ఊపందుకుంది.

మన దేశంలో ఇలాంటివి పోయినప్పుడు కారణం వేరుగా ఉంటుంది. 1984లో ఢిల్లీ ప్రగతి మైదానంలో తెరిచిన అప్పూ ఘర్ 2008లో మూతపడింది. అక్కడ పేచీ వయసుతో కాదు, స్థలంతో. ఈ సరిహద్దు జనానికి ఇంకా దగ్గరి ఉదాహరణ పర్లాకిమిడి చిన్న రైలు. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి పూనికతో 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల ఇరుకు పట్టాల మీద మొదలై, 1931 నాటికి గుణుపురం చేరిన ఆ రైలు 1936లో ఒడిశా ఏర్పడి మధ్యలో రాష్ట్రపు గీత పడినా నౌపడ తెలుగునూ గుణుపురం తెలుగునూ కలుపుతూనే వచ్చింది. దాన్ని కూడా తీసేస్తారన్న మాట చాలా ఏళ్లు నలిగింది. అయితే అక్కడ 2002లో పెద్ద పట్టాలకు శంకుస్థాపన జరిగాక అనుమానానికి తావు లేకపోయింది. 2004 జూన్‌లో చిన్న రైలు ఆగింది, 2011లో పెద్ద రైలు గుణుపురం చేరింది. పోయినదానికి బదులుగా ఏమి వస్తుందో జనానికి ముందే తెలుసు, అది వాళ్లకు అవసరమైనది కూడా. కనుక బాధపడినవారున్నా అడ్డుపడినవారు తక్కువ. వినోద ఉద్యానంలో పాతదానికి బదులు వచ్చేది మరొక వినోదమే. అందువల్ల అక్కడి వాదన అవసరం చుట్టూ తిరగదు, జ్ఞాపకం చుట్టూ తిరుగుతుంది.

ఆ జ్ఞాపకం సంగతికి వస్తే, ఈ ప్రాంతం నుంచి వెళ్లి చూసినవారి వైపు నుంచి ఒక మాట చెప్పవలసి ఉంది. కోరాపుట్ జిల్లాలో మాచ్‌ఖండ్ నది మీద, డుడుమ జలపాతం దగ్గర, ఆంధ్ర ఒడిశా ప్రభుత్వాల ఉమ్మడి జలవిద్యుత్ కేంద్రం 1955లో పని మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో ఆ యంత్రపు తండ్రి మీట నొక్కితే వెలిగే ఇంటిని ప్రపంచానికి చూపిస్తున్న 1964 నాటికి ఈ కేంద్రానికి తొమ్మిదేళ్లు. అయినా దానికోసం భూములు పోగొట్టుకున్న కొండ ఊళ్లకు ఆ కరెంటు చాలాకాలం అందలేదు. మైదానపు పల్లెల్లోనూ లాంతరు చిమ్నీ తుడవడం సాయంత్రపు పనిగా ఎంతోకాలం సాగింది. అందుకే అమెరికన్ ప్రేక్షకుడికి తాతల కాలపు ముచ్చటగా తోచే రెండో అంకం, ఇక్కడి నుంచి వెళ్లిన అరవై డెబ్బై ఏళ్ల మనిషికి సొంత అనుభవంగా కనబడుతుంది. తీగలు లాగిన కొత్తలో ఫ్యూజు పోయి వీధంతా చీకటైన రాత్రులు వాళ్లకు తెలుసు. ఆ బొమ్మల ఇంట్లో తల్లి ప్రతి అంకంలోనూ ఏదో ఒక పనిలోనే ఉండడాన్ని, యంత్రాలు పెరిగినా ఆమెకు తీరిక పెరగకపోవడాన్ని మొదట పట్టుకునేది కూడా మన ఆడవాళ్లే.

తొలగింపు మాటకు ప్రస్తుతానికి గట్టి ఎదురుమాట సంస్థ నుంచే వచ్చింది. 2025 ఆగస్టు చివర జరిగిన అభిమానుల సమావేశంలో, ఈ ప్రదర్శనకు ఆరంభంలో కొత్త ఘట్టం చేర్చి అందులో వాల్ట్ డిస్నీ రూపంలోనే ఒక యంత్రపు బొమ్మను పెడతామని ప్రకటించారు. అదే ఏడాది జూలైలో కాలిఫోర్నియాలో ఆయన బొమ్మతో మరొక ప్రదర్శన మొదలైంది. ఎత్తేయదలచిన భవనం గుమ్మంలో వ్యవస్థాపకుడి బొమ్మను ఎవరూ నిలబెట్టరు కాబట్టి, సమీప కాలంలో ప్రమాదం లేనట్టే భావించవచ్చు.

అలాగని అంతా పదిలమని కాదు. ఈ ప్రదర్శనలో నిజంగా పోయినవి ఎప్పుడూ చడీచప్పుడు లేకుండానే పోయాయి. 1964 నాటి చివరి అంకం, 1967లో దాని స్థానంలో వచ్చినది, ఆ తరువాత 1980ల నాటివి, ఒక్కొక్కటీ వరుసగా మాయమయ్యాయి. వాటికోసం ఎవరూ నిరసన తెలపలేదు. కాలిఫోర్నియా భవనం పై అంతస్తులో ఉండిన భావి నగరపు నమూనాలో కొంత భాగం ఫ్లోరిడాలో ఎత్తైన దారి మీద నడిచే పీపుల్ మూవర్ అనే బండిలోంచి క్షణకాలం కనబడుతుంది, అంతే. కొత్త ఘట్టాన్ని అతికించేందుకు పాతదానిలో ఎంత కత్తిరిస్తారన్నది, భవనం ఉంటుందా ఊడుతుందా అన్నదాని కంటే పెద్ద ప్రశ్న.

అభిమానుల్లో ఆరితేరినవారు ఇలాంటి విషయాల్లో ఎవరి మాటా నమ్మరు. ఆ ఉద్యానం ఉన్న ఆరెంజ్ కౌంటీలో పెద్ద నిర్మాణం మొదలుపెట్టాలంటే నోటీసు దాఖలు చేయాలి, నీటికి సంబంధించిన పనైతే ఆ ప్రాంతపు జల నిర్వహణ సంస్థ అనుమతి తీసుకోవాలి. ఆ పత్రాలు ఎవరైనా చూడవచ్చు. వాటిలో భవనం చిరునామా, గుత్తేదారు పేరు, పని స్వభావం ఉంటాయి.  ఈసారి పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఎవరి ఫోనుకైనా ఆ పాత వార్త మళ్లీ వచ్చినప్పుడు, పంపినవారిని అడగవలసింది ఆ నోటీసు తేదీ.