సోరియాసిస్ పథ్యం: ముందు నూనె క్యాన్ చూడండి

చర్మంపై పొలుసులు లేచే సోరియాసిస్ అని తేలగానే ఇంట్లో మొదట నిషేధం పడేది వంకాయ మీద. తర్వాత గోంగూర, చేపలు. వీటివల్ల పొలుసులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. వంకాయ మానేసి, పొద్దున్నే ఉగ్గానిలోకి నాలుగు మిరపకాయ బజ్జీలు నంజుకునేవాళ్లు మాత్రం అనంతపురం, కర్నూలు వైపు తక్కువేం కాదు.

మామూలు చర్మంలో అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్‌లో నాలుగైదు రోజులు చాలు. ముదరని కణాలే పొలుసులుగా పేరుకుంటాయి. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-17 వంటి వాపు పుట్టించే ప్రొటీన్లను వదలడమే దీనికి మూలం. ఒంట్లో పేరుకున్న కొవ్వు కూడా టీఎన్‌ఎఫ్-ఆల్ఫాను వదులుతుంది. అమెరికాలోని నేషనల్ సోరియాసిస్ ఫౌండేషన్ వైద్య మండలి 2018లో ఆహారంపై ఇచ్చిన సూచనల్లో, బరువు ఎక్కువున్నవాళ్లు కేలరీలు తగ్గించుకోవాలని గట్టిగా చెప్పింది ఇందుకే. మనకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 23 దాటితే ఎక్కువ బరువు కిందే లెక్క. 80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గితే మచ్చల తీవ్రత తగ్గే అవకాశం ఉంది, మందులూ బాగా పనిచేస్తాయి. సన్నగా ఉన్నవాళ్లు కడుపు మాడ్చుకోనక్కర్లేదు.

ఎక్కడ తగ్గించాలి? నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె అయిపోతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు. దాన్ని 3 లీటర్లకు తెస్తే 23 గ్రాములు. ఇంకేదీ మార్చకుండానే రోజుకు దాదాపు 135 కేలరీలు తగ్గినట్టు. క్యాన్ మీద తెరిచిన తేదీ రాసుకుంటే చాలు, లెక్క అదే తెలుస్తుంది.

రాగి సంకటి మంచిదే, మందు మాత్రం కాదు. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 320 కేలరీలు, బియ్యంలో 350. పెద్ద తేడా ఏముంది? ముద్ద చిన్నదైతేనే ఫలితం. పక్కన చెనిక్కాయల పచ్చడి ఉంటే దాన్నీ లెక్కలో వేయాలి: 30 గ్రాముల గింజలకు 170 కేలరీలు.

గోధుమలు అందరూ మానక్కర్లేదు. రక్తపరీక్షలో గోధుమల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడదని తేలినవాళ్లకే ఆ పథ్యం. పరీక్షకు ముందే మానేస్తే ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు. జొన్న, రాగి, కొర్రల్లో గ్లూటెన్ లేదు. కానీ గోధుమలు ఆడించిన మిల్లులోనే జొన్నలు పట్టిస్తే కలుస్తుంది. పొడి ఇంగువలోనూ తరచూ గోధుమపిండి ఉంటుంది.

మద్యం వ్యాధిని రేపుతుంది. సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వాడేవాళ్లకు పైపెచ్చు కాలేయం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. సోరియాసిస్‌కు ఆ మాత్ర వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. దానితోపాటు డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్‌ను బలం మాత్రే కదా అని మానకూడదు. సోరియాసిస్‌కే ఇచ్చే మరో మందు అసిట్రెటిన్ వాడుతుంటే విటమిన్ ఏ ఉన్న టానిక్కులు, మాత్రలు ముట్టకూడదు.