కథ పూర్తికాకముందే తెర మీదికి

2024 జనవరి చివర్లో జపాన్ మాంగా (అచ్చులో వచ్చే బొమ్మల కథలు) రచయిత్రి అషిహర హినాకో మరణించారు. అప్పటికి ఆమె వయసు 50. ఆమె రాస్తూ గీస్తున్న ‘సెక్సీ తనాకా-సాన్’ మాంగాను నిప్పాన్ టీవీ 2023 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పది ఎపిసోడ్ల ధారావాహికగా ప్రసారం చేసింది. కథను మాంగాలో ఉన్నట్టే తీయాలనీ, మాంగా ఇంకా ముగియలేదు కాబట్టి టీవీ ముగింపును తానే సమకూరుస్తాననీ ఆమె ముందే షరతు పెట్టినట్టు చెప్పారు. చేతికి వచ్చిన స్క్రిప్టులను దిద్దుతూ వచ్చారు. చివరి రెండు ఎపిసోడ్లను స్వయంగా రాశారు. మాంగా గడువులు ఒకవైపు తరుముతుండగానే ఇదంతా జరిగింది. ఈ సంగతులను బహిరంగంగా వివరించిన కొద్ది రోజులకే ఆమె ఇక లేరన్న వార్త వచ్చింది. తర్వాత టీవీ సంస్థ, ప్రచురణ సంస్థ షోగకుకాన్ వేర్వేరుగా విచారణ నివేదికలు వెలువరించాయి. రచయిత్రి షరతులు ఎవరికి ఏ రూపంలో చేరాయన్న ప్రశ్న దగ్గర ఆ రెండు నివేదికలకూ పొంతన కుదరలేదు.

ఆ తర్వాత సాగిన చర్చ చాలావరకు ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: తెర మూలరచనకు కట్టుబడి ఉండాలా, అక్కర్లేదా? నాకు మాత్రం అసలు చిక్కు మరోచోట ఉందనిపిస్తుంది. ముగియని కథను తెరకెక్కించడం మాంగా ప్రపంచంలో అరవై ఏళ్ల నాటి అలవాటు. ఆ తొందర భారం ప్రతిసారీ ఎవరో ఒకరి మీద పడుతూనే ఉంది.

1963 జనవరి 1న మాంగా రచయిత తెజుకా ఒసాము కథ ‘తెత్సువాన్ ఆటమ్’ టీవీలో మొదలైంది. వారానికో అరగంట బొమ్మల కథ ఇవ్వాలంటే సినిమా పద్ధతిలో బొమ్మలు గీయడం అసాధ్యం. అందుకే ఆయన స్టూడియో బొమ్మల సంఖ్య తగ్గించింది. పాత్ర నిలబడి ఉంటే పెదవులు మాత్రమే కదిలేవి, ఒకసారి గీసిన పరుగునే మళ్లీ మళ్లీ వాడుకునేవారు. అంత పొదుపు చేసినా కథలు చాలలేదు. 1952 నుంచి పోగుపడిన మాంగా కథలను టీవీ త్వరగా తినేసింది. తర్వాత కొత్త కథలు రాయడానికి వేరే రచయితలను పిలవాల్సి వచ్చింది.

లెక్క చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. వారపత్రికలో మాంగా ఒక వారానికి ఇరవై పేజీల లోపే వస్తుంది. అరగంట ఎపిసోడ్ అలాంటి రెండు మూడు అధ్యాయాలను సులువుగా మింగేస్తుంది. అంటే టీవీ ఎప్పుడో ఒకప్పుడు రచయితను అందుకుని తీరుతుంది. అందుకున్నాక ఉన్న దారులు రెండే: సాగదీయడం, లేదా సొంతంగా అల్లడం.

‘డ్రాగన్ బాల్ జడ్’లో ఐదు నిమిషాల్లో పేలిపోతుందన్న గ్రహం ఎన్నో వారాలు పేలకుండా నిలిచింది. మొదటి ‘నరుటో’ ధారావాహిక 220 ఎపిసోడ్లు నడిస్తే, చివరి 80కి పైగా ఎపిసోడ్లు దాదాపు అన్నీ మాంగాలో లేనివే. అభిమానులు వీటిని ఫిల్లర్లు అంటారు. వాటిని గీసిన వాళ్లను చిన్నచూపు చూడలేను. రచయిత ముందుకు కదిలేదాకా ప్రేక్షకులను కూర్చోబెట్టే పని వాళ్ల నెత్తిన పడింది.

సొంతంగా అల్లే దారికి ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ మంచి ఉదాహరణ. 2003లో అనిమే (కదిలే బొమ్మల ధారావాహిక) మొదలయ్యేనాటికి మాంగా ఇంకా తొలి దశలోనే ఉంది. రచయిత్రి అరకావా హిరోము అంగీకారంతో అనిమే వేరే దారి పట్టి 51 ఎపిసోడ్లలో తనదైన ముగింపు చేరింది. మాంగా ముగింపుకు వస్తున్న 2009లో మూలకథనే అనుసరిస్తూ రెండో ధారావాహిక మొదలైంది. ఈ రెండింటినీ ఇష్టపడే వాళ్లున్నారు. మొదటిది మూలాన్ని వదిలిపెట్టినా గొడవగా మారకపోవడానికి కారణం, దారి మారుతుందని రచయిత్రికి ముందే తెలియడం.

రచయితే దర్శకుడైతే సంగతి ఇంకా తేలిక. మియజాకి హయావో ‘నౌసికా’ సినిమా 1984లో వచ్చింది, మాంగా ముగిసింది 1994లో. ఓతోమో కత్సుహిరో ‘అకిరా’ సినిమా 1988లో వస్తే మాంగా 1990 దాకా నడిచింది. రెండు వేలకు పైగా పేజీల కథ తెర మీద రెండు గంటల పైచిలుకే. ఎంతో భాగం పోయింది. కానీ ఏది తీసేయాలో నిర్ణయించిన చెయ్యీ, ఆ బొమ్మలను గీసిన చెయ్యీ ఒక్కటే.

మిగతావాళ్లకు రక్ష ఏమిటి? చట్టం. పుస్తకాల వాళ్లు ఈ పోరు చాలా ముందే మొదలుపెట్టారు. 1907లో కేలెమ్ అనే సినిమా సంస్థ అనుమతి లేకుండా ‘బెన్ హర్’ నవలను మూకీగా తీస్తే, 1911లో అమెరికా సుప్రీంకోర్టు అది హక్కుల ఉల్లంఘనే అని తేల్చింది. ఆ తీర్పుతో తెరహక్కులు కొనుక్కోక తప్పని స్థితి వచ్చింది. 1928లో రచయితల హక్కులపై దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం మరో మెట్టు ఎక్కి, హక్కులు అమ్ముకున్నాక కూడా రచనను వక్రీకరిస్తే అభ్యంతరపెట్టే హక్కు రచయితకు ఉంటుందంది. జపాన్ 1970 నాటి చట్టంలో ఆ హక్కును అమ్మడానికే వీల్లేదు. కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ దొరకదు.

అయితే బేరం దగ్గర బలం వేరు. 2012లో వచ్చిన ‘థెర్మే రోమే’ సినిమా 500 కోట్ల యెన్లకు పైగా వసూలు చేసింది. మాంగా రచయిత్రి యమజాకి మారి తనకు ముట్టింది సుమారు 10 లక్షల యెన్లేనని తర్వాత బయటపెట్టారు. రచయితకు, నిర్మాతకు మధ్య ప్రచురణ సంస్థ ఉంటుంది. మాట అటు ఇటు చేరేసరికి ఎన్నో చేతులు మారుతుంది. ‘వన్ పీస్’ రచయిత ఓదా ఎయిచిరో స్థాయికి ఎదిగితేనే, తాను తృప్తిపడేదాకా ధారావాహికను విడుదల చేయకుండా ఉండటానికి నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకుందని అభిమానులకు ధైర్యంగా రాయగలుగుతారు. 2023లో ఆయన రాసిన లేఖలో ఉన్న మాట అది.

కథ ముగిశాక, తొందర లేనప్పుడు, రచయిత చేతికే పగ్గాలిస్తే ఏమవుతుందో చూపిన సినిమా ఒకటుంది. ఇనోఉఎ తకెహికో బాస్కెట్‌బాల్ మాంగా ‘స్లామ్ డంక్’ 1996లో ముగిసింది. అప్పటి టీవీ ధారావాహిక ఆఖరి పెద్ద ఆట దాకా వెళ్లకుండానే ఆగిపోయింది. ఆ ఆటను 2022లో ఆయనే సినిమాగా తీశారు. కథానాయకుడిని పక్కన కూర్చోబెట్టి మరో ఆటగాడి కళ్లతో కథ చెప్పారు. మూలాన్ని ఇంతగా మార్చినా ‘ద్రోహం’ అన్న మాట పెద్దగా వినబడలేదు.

మాంగాలో ఆ ఆట చివరి క్షణాలు మాట లేని పేజీలు. పేజీలో ఏ బొమ్మ గడి దగ్గర ఎంతసేపు ఆగాలో చదివేవాడే నిర్ణయించుకుంటాడు. తెర మీద ఆ వెసులుబాటు లేదు, సెకన్లు అందరికీ ఒకే వేగంతో గడుస్తాయి. ఇనోఉఎ అక్కడ శబ్దాన్ని ఆపేశారు. బంతి చప్పుడు లేదు, కేకలు లేవు. హాలు మొత్తం ఊపిరి బిగబట్టి గడియారం వైపు చూస్తుంది.