రిస్క్-ఫైవ్ అసెంబ్లీ: 8000 అనే నంబర్ రాయాలంటే ఏం చేయాలి

మన దగ్గర ఈసీఈ, సీఎస్ఈ చదివిన చాలామందికి అసెంబ్లీ (ప్రాసెసర్‌కి ఒక్కో ఆదేశం మనమే రాసే భాష) అనగానే గుర్తొచ్చేది 8085, 8086 ప్రాసెసర్ల ల్యాబే, ఆ కిట్ మీద హెక్స్ కోడ్ ఒక్కో బైట్ నొక్కుకుంటూ పోవడం, ఎగ్జామ్ అవగానే మర్చిపోవడం. ఇప్పుడు మళ్ళీ నేర్చుకోవాలనుకునేవాళ్ళు మాత్రం రిస్క్-ఫైవ్‌తో మొదలుపెట్టాలని నేను గట్టిగా చెప్తాను. 2010లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో క్రస్టే అసనోవిచ్, ఆయన స్టూడెంట్లు కలిసి మొదలుపెట్టిన డిజైన్ ఇది, ఈ ఇన్‌స్ట్రక్షన్ సెట్ (ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాల జాబితా) వాడుకోడానికి ఎవరికీ లైసెన్స్ ఫీజు కట్టక్కర్లేదు, ఐఐటీ మద్రాస్ వాళ్ళ శక్తి ప్రాసెసర్లు కూడా దీని మీదే కట్టారు. దీని 32-బిట్ బేస్‌లో, అంటే తప్పనిసరిగా ఉండాల్సిన భాగంలో, ఉన్నవి మొత్తం 40 ఇన్‌స్ట్రక్షన్లే. గుణకారం కూడా అందులో లేదు, అది వేరే ఎక్స్‌టెన్షన్.

40తో ఎలా సరిపోతుంది అంటే, అసలు కిటుకంతా ఎక్స్0 అనే రిజిస్టర్‌లో (రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపల ఒక నంబర్ పట్టే చిన్న గది) ఉంది. ప్రాసెసర్‌లో ఎక్స్0 నుంచి ఎక్స్31 దాకా 32 రిజిస్టర్లుంటాయి, అందులో మొదటిది ఎప్పుడు చదివినా సున్నానే, అందులో ఏం రాసినా పోతుంది. ఒక రిజిస్టర్‌లోది ఇంకోదాంట్లోకి కాపీ చేయాలా, సున్నా కలిపి అక్కడ పెట్టు, అయిపోయింది, దానికి వేరే ఇన్‌స్ట్రక్షన్ ఎందుకు? మైనస్ కావాలంటే ఎక్స్0 లోంచి తీసెయ్. ఏమీ చేయకుండా ఊరికే ఉండాలంటే ఎక్స్0కి సున్నా కలిపి ఎక్స్0లోనే పెట్టు. మనం ఎంవి, నెగ్, నాప్ అని రాసుకుంటాం గానీ అసెంబ్లర్ (మనం రాసినదాన్ని మెషీన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రాం) వాటన్నిటినీ ఇలాగే మార్చేస్తుంది. నాకు ఈ డిజైన్ మొత్తంలో బాగా నచ్చేది ఇదే.

ఇంకో రూల్ ఏంటంటే లెక్కలన్నీ రిజిస్టర్ల మధ్యే జరగాలి. ఎక్స్86లో అయితే మెమరీలో ఉన్న నంబర్‌కే నేరుగా కూడొచ్చు, ఇక్కడ కుదరదు, ముందు లోడ్ చేసి, కూడి, తర్వాత స్టోర్ చేయాలి.

ఒక చిన్న లూప్ చూద్దాం, 1 నుంచి 10 దాకా కూడిక. టీ0, ఏ0 అనేవి ఆ 32 రిజిస్టర్లలో రెండిటికి మారుపేర్లు. టీ0లో 10 పెట్టాం, ఏ0లో 0 పెట్టాం. ఇక లూప్‌లో మూడే లైన్లు: ఏ0కి టీ0 కలుపు, టీ0లోంచి 1 తగ్గించు, టీ0 ఎక్స్0తో సమానం కాకపోతే మళ్ళీ పైకెళ్ళు. చివరికి ఏ0లో 55 ఉంటుంది. తగ్గించడానికి కూడా యాడ్‌ఐ (రిజిస్టర్‌కి ఒక నంబర్ కలిపే ఇన్‌స్ట్రక్షన్) -1 అనే రాస్తాం, సబ్‌ఐ అనేది లేదు. 8086లో ముందు పోల్చి, ఫ్లాగ్స్ (పోలిక ఫలితాన్ని గుర్తుపెట్టుకునే బిట్లు) సెట్ అయ్యాక, వాటిని చూసి జంప్ చేసేవాళ్ళం కదా, ఇక్కడ ఆ ఫ్లాగ్ రిజిస్టరే లేదు, పోల్చడం, జంప్ చేయడం రెండూ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌లో అయిపోతాయి.

ఇప్పుడు 8000 సంగతి. బేస్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ సరిగ్గా 32 బిట్లే, అందులో ఏం చేయాలి, ఏ రిజిస్టర్లు అనేదానికి పోగా యాడ్‌ఐలో నంబర్‌కి మిగిలేది 12 బిట్లు, అంటే -2048 నుంచి 2047 దాకా మాత్రమే. అంతకన్నా పెద్దది కావాలంటే ఎల్‌యూఐ అని ఒకటుంది, అది మనమిచ్చిన నంబర్‌ని 12 బిట్లు పైకి జరిపి, అంటే 4096తో గుణించి, రిజిస్టర్‌లో పెడుతుంది. 5000 అయితే సులువు, ఎల్‌యూఐ 1 అంటే 4096, దానికి 904 కలిపితే సరి. 8000కి ఇలాగే చేద్దామంటే 4096 పోగా 3904 మిగులుతుంది, అది 12 బిట్లలో పట్టదు! అందుకని ఎల్‌యూఐ 2తో 8192 దాకా వెళ్ళి అక్కణ్ణుంచి 192 తగ్గించాలి. మనం ఎల్‌ఐ అని ఒక్క లైన్ రాస్తే అసెంబ్లరే ఈ రెండూ పెట్టేస్తుంది, కానీ కంపైలర్ ఇచ్చిన కోడ్ చదివేటప్పుడు మధ్యలో ఈ మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆగిపోయేది ఇక్కడే, ఒకసారి అర్థమైతే ఇక ఎక్కడ కనిపించినా గుర్తుపట్టేస్తారు.

ఫంక్షన్ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. కాల్ చేసినప్పుడు తిరిగి రావాల్సిన అడ్రస్ ఆర్‌ఏ అనే రిజిస్టర్‌లో పడుతుంది, 8086లోలాగా దానంతటదే స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ భాగం) మీదకి వెళ్ళదు. కాబట్టి ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్‌ని పిలిస్తే పాత అడ్రస్ చెరిగిపోతుంది. అది పోకుండా ఉండాలంటే మొదట్లోనే ఎస్పీని (స్టాక్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే రిజిస్టర్) 16 తగ్గించి ఆర్‌ఏని అక్కడ స్టోర్ చేసుకోవాలి, చివర్లో మళ్ళీ లోడ్ చేసి 16 కలిపేయాలి. రార్స్, రైప్స్ అని ఫ్రీ సిమ్యులేటర్లు ఉన్నాయి, వాటిలో ఈ స్టోర్, లోడ్ రెండూ కావాలనే తీసేసి ఒక్కో స్టెప్ నడిపించి చూడండి, రిటర్న్ అనగానే పిలిచినవాడి దగ్గరికి పోకుండా లోపలి కాల్ పక్క లైన్‌కే వస్తుంది, మళ్ళీ రిటర్న్, మళ్ళీ అదే లైన్, ఆర్‌ఏలో అడ్రస్ మాత్రం మారదు.