కొటియా వార్త ఏ పేజీకి చేరుతుంది?

ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ తమవేనంటున్న సరిహద్దు కొండ ఊళ్ల సమూహం కొటియా. దాని పేరు పత్రికలకెక్కిన ప్రతిసారీ సరిహద్దులోని తెలుగు విలేకరి మీద ఒక నింద వెంటే వస్తుంది: అతడు రాసేది వార్త కాదు, ఆంధ్ర తరఫు వకాల్తా అని. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి సరిహద్దు, 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లడం, 2006లో యథాతథ స్థితికి కోర్టు ఆదేశించడం పాఠకులు ఎన్నోసార్లు చదివినవే. విలేకరి మీది నిందకు మూలాన్ని మాత్రం పత్రికల పేజీల అమరికలో వెతకాలి.

1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లాకొక చిన్న అనుబంధాన్ని తెచ్చింది. మిగతా పత్రికలూ ఆ బాటే పట్టాయి. మండలాల్లో కంట్రిబ్యూటర్లు అనే స్థానిక విలేకరులు వచ్చారు. బోరు చెడినా, బడికి పంతులు రాకపోయినా వార్త అయింది. అది మేలే. అయితే జిల్లా హద్దు దగ్గరే పేజీ కూడా ఆగిపోయింది. ఆంధ్ర వైపు సాలూరు నుంచి కొండెక్కి కొటియా వెళ్లిన కంట్రిబ్యూటర్ రాసింది విజయనగరం పేజీకి చేరేది. అవే ఊళ్లు తమ పొట్టంగి బ్లాకువని చెప్పే ఒడిశాలోని కోరాపుట్ జిల్లా అధికారుల మాటకు అక్కడ చోటు దొరకడం కష్టమయ్యేది.

నెల జీతం లేని కంట్రిబ్యూటర్‌కు ఆదాయం లైన్ అకౌంటే, అంటే అచ్చయిన వార్త పొడవును సెంటీమీటర్లలో కొలిచి ఇచ్చే డబ్బు. తహసీల్దారు వివరణ కోసం పొట్టంగి వెళ్తే ఒక రోజు పని, బండి పెట్రోలు పోతాయి. తెచ్చిన నాలుగు వాక్యాలను చోటు చాలదని పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్క్ తీసేస్తే ఆ ఖర్చు అతడి నెత్తినే పడుతుంది. గడువు ముంచుకొస్తుంటే ఏదో ఒకటి కోయక తప్పదని డెస్క్‌వారు అంటారు. నిజమే కావచ్చు, కానీ కోతకు ముందుగా గురయ్యేది తరచూ అవతలి వైపు వివరణే.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడి మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు తలపెట్టడం, ఒడిశా కోర్టు ధిక్కరణ పిటిషన్ వేయడంతో ఈ చిక్కు ముదిరింది. ఫగుణసెనేరిని పగులుచెన్నూరుగా, ఫటుసెనేరిని పట్టుచెన్నూరుగా మార్చేశారన్నది ఒడిశా ఆరోపణ. అంతవరకూ యాసలో తేడాగా చెల్లిపోయిన పేరు అప్పటినుంచి పక్షాన్ని తెలిపే గుర్తయింది. రెండు పేర్లూ రాసి పంపినా అచ్చులో ఒక్కటే మిగిలితే, మర్నాడు ఊళ్లో జవాబు చెప్పుకోవలసింది డెస్క్ కాదు, కంట్రిబ్యూటరే.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో సాలూరు పార్వతీపురం మన్యంలో చేరింది, కొటియా వార్త కూడా ఆ కొత్త జిల్లాతోపాటే వెళ్లింది. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఇంట్లో దాచుకున్న గిరిజనుడి మాట మాత్రం ఇప్పటికీ సగం తెలుగు పేజీలో, సగం ఒడియా పత్రికలో వస్తోంది.