ఆకు వాడితే వేరు చూడాలి

కొత్తగా నాటిన పూలచెట్టు ఆకులు వాల్చగానే ఎవరి చెయ్యైనా ముందు నీళ్ల గొట్టం మీదికే పోతుంది. ప్రేమతో చేసే ఈ పనే ఎన్నో చెట్ల ప్రాణం తీస్తుంది. నీరు చాలక వాడిన ఆకూ, నీరు ఎక్కువై వాడిన ఆకూ చూపుకు దాదాపు ఒకేలా ఉంటాయి మరి. వేళ్లూ ఊపిరి తీసుకుంటాయి. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండితే వాటికి ఆక్సిజన్ అందదు. నీటిని పీల్చే శక్తి తగ్గుతుంది, సన్నని కొసలు కుళ్లడం మొదలవుతుంది. పాదు నిండా నీరున్నా ఆకు దాహంతోనే ఉంటుంది.

అందుకే పరీక్ష మట్టితో మొదలుపెట్టాలంటాను. పైపొర తడి చూసి మోసపోవద్దు. వేలితోనో సన్నని చువ్వతోనో 10-15 సెంటీమీటర్ల లోతు వరకు చూడాలి, అదీ రెండు చోట్ల: చెట్టుతో పాటు వచ్చిన మట్టిముద్దలో ఒకసారి, దాని చుట్టూ ఉన్న నేలలో ఇంకోసారి. కుండీలో పెరిగిన మొక్క వేళ్ల చుట్టూ సాధారణంగా తేలికైన, గుల్లగా ఉండే మిశ్రమం ఉంటుంది. చుట్టూ ఉన్నది బరువైన బంకమట్టి అయితే, అది తన సన్నని రంధ్రాల్లో నీటిని గట్టిగా పట్టి ఉంచి, గుల్ల మిశ్రమంలోకి అంత సులువుగా వదలదు. నాటిన తొలి వారాల్లో చెట్టు తాగగలిగేది ఆ ముద్దలోని నీరే. చుట్టూ నేల తడిగా ఉండగా ముద్ద ఎండిపోయి చెట్టు వాడటం మామూలుగా జరిగే విషయం. దీనికి విరుగుడు నీటిని కాండానికి దగ్గరగా, ముద్ద మీదనే నిదానంగా పోయడం. మట్టి నుంచి కుళ్లు వాసన వస్తూ, వేరును చేతితో లాగితే నల్లబడిన తోలు ఊడివస్తుంటే మాత్రం నీరు ఆపాల్సిందే.

తర్వాత చెట్టు మొదలు చూడండి. ఆరోగ్యంగా నాటిన చెట్టు కాండం నేలను తాకే చోట కాస్త వెడల్పై, వేళ్లుగా విడిపోతూ కనిపిస్తుంది. గుంజ పాతినట్టు నిటారుగా మట్టిలోకి దిగిపోతే లోతుగా నాటారని అనుమానించాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ద్రోహం చేసే లోపం ఇదే, ఎందుకంటే దాని ఫలితం కొన్నేళ్ల దాకా బయటపడకపోవచ్చు. గాలి అందని లోతులో వేళ్లు నీరసిస్తాయి, ఎప్పుడూ తడిలో ఉండే బెరడు తెగుళ్లకు లొంగుతుంది. తేమ నిలవడానికి కప్పిన ఆకుల పొరను కాండానికి ఆనించి పోగుచేసినా ఇదే బాధ. కుండీలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను విడదీయకుండా నాటితే అవి లావెక్కి మొదలును బిగిస్తాయి.

ఇంతకీ నాటగానే చెట్టుకు ఇంత కష్టం ఎందుకు? నేలలోంచి తవ్వి తీసిన చెట్టు తన వేళ్లలో చాలా భాగాన్ని పాత చోటే వదిలి వస్తుంది. పైన ఆకులు మాత్రం మునుపటిలాగే నీరు అడుగుతాయి. లోటు తెలియగానే ఆకు తన పత్రరంధ్రాలను మూసుకుంటుంది. నీరు ఆదా అవుతుంది కానీ, కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాక ఆహార తయారీ తగ్గుతుంది. అప్పటి నుంచి చెట్టు నిల్వలు కరిగించుకుంటూ బతుకుతుంది. ఎండ మరీ ముదిరితే, నీటిని పైకి మోసే దారువు నాళాల్లో సాగిన నీటి తీగ తెగి గాలి బుడగలు చేరతాయి. ఆ నాళాలు పని మానేస్తాయి.

ఇవన్నీ తెలిశాకే ఆకు చెప్పేది సరిగ్గా అర్థమవుతుంది. ఆకు ఈనెల చివర్లకు నీరు ఆఖరున చేరుతుంది కాబట్టి అంచులు ముందు మాడతాయి. ముదురాకులు మొదట పసుపైతే నత్రజని కొరత కావచ్చు, ఎందుకంటే చెట్టు దాన్ని పాత ఆకుల నుంచి తీసి చిగుళ్లకు పంపుతుంది. ఇనుమును అలా తరలించలేదు. అందువల్ల ఇనుము లోపిస్తే ఈనెలు పచ్చగా ఉండి లేతాకులే పాలిపోతాయి. అయితే క్షారగుణం ఎక్కువైన నేలలో, లేదా నీరు నిలిచి వేళ్లు దెబ్బతిన్నప్పుడు, మట్టిలో ఇనుము ఉన్నా చెట్టుకు అందదు. కనుక పసుపు కనిపించగానే ఎరువు వేయవద్దని గట్టిగా చెబుతాను. ఎరువు వల్ల ఎండిన మట్టిలో లవణాలు పెరిగితే వేరు నీటిని లాగడం ఇంకా కష్టమవుతుంది.

ఆకులన్నీ రాలినా వెంటనే పీకేయకండి. నీటి ఖర్చు తగ్గించుకోవడానికి చెట్టే వాటిని వదులుకుని ఉండవచ్చు. సన్నని కొమ్మ మీద బెరడును గోటితో కొద్దిగా గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే, పచ్చదనం దొరికే దాకా కిందికి వస్తూ గీరి చూడాలి.

ఆకు రాల్చే చాలా చెట్లలో ఇంకో ఆధారం ఉంటుంది. కిందటి ఏడు ఏర్పడిన కొసమొగ్గ ఈ ఏడు విచ్చుకున్న చోట రెమ్మ చుట్టూ సన్నని మచ్చల వలయం మిగులుతుంది. ఆ వలయం నుంచి రెమ్మ చివర వరకు ఉన్న పొడవే ఈ ఏటి ఎదుగుదల. నాటిన ఏడు అది కురచగా ఉండటం సహజమే. చల్లని ప్రాంతాల్లో కాండం మందంలో ప్రతి 2.5 సెంటీమీటర్లకు సుమారు ఏడాది చొప్పున చెట్టు కుదురుకోవడానికి పడుతుందని లెక్క వేస్తారు. వెచ్చని చోట్ల త్వరగానే కుదురుకుంటుంది. ఆ గడువు దాటాక కూడా వలయాల మధ్య దూరం ఏటికేడు తగ్గుతుంటే మొదలు దగ్గర మట్టి తొలగించి, ఎంత లోతుగా నాటారో, వేళ్లు ఎటు చుట్టుకున్నాయో చూడాలి.