ఒళ్లంతా నీటి పొక్కులు: స్టెరాయిడ్ మాత్రలపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో నా దగ్గరికి వచ్చే పొక్కుల పేషెంట్లలో చాలామంది అప్పటికే జాజు పూయించుకుని, ఊళ్లో సూదులు వేయించుకుని ఉంటారు. "సర్పి అనుకున్నం సార్" అంటారు. సర్పి మామూలుగా ఒంటికి ఒకపక్కనే పట్టీలా వస్తుంది, రెండు మూడు వారాల్లో మాడిపోతుంది. రెండు పక్కలా, నెలల తరబడి కొత్త పొక్కులు లేస్తుంటే మాత్రం చర్మాన్ని అతికి ఉంచే ప్రోటీన్ల మీద మన రోగనిరోధక శక్తే దాడి చేస్తోందేమో చూడాలి.

అపోహ: దీనికి స్టెరాయిడ్ మాత్రలు మింగక తప్పదు.

వాస్తవం: ఏ జబ్బో తేలాలి. ముసలివాళ్లకు విపరీతమైన దురదతో బిగువైన పొక్కులు తెచ్చే బుల్లస్ పెంఫిగాయిడ్‌లో చాలామందికి ఆ మాత్రలు అక్కర్లేదు. ఫ్రాన్స్ డాక్టర్లు 2002లో ప్రచురించిన పరిశోధనలో, జబ్బు బాగా ముదిరినవాళ్లలో క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ పూత వాడినవాళ్లు ఏడాది తర్వాత 76 శాతం బతికి ఉన్నారు. మాత్రలు మింగినవాళ్లు 58 శాతమే. వాళ్లు వాడిన పూత రోజుకు 40 గ్రాములు, అంటే 30 గ్రాముల ట్యూబ్ ఒకటి దాటి. పొక్కు మీద చుక్క పెడితే పనికాదు. డాక్టర్ చెప్పినట్టు మంచి చర్మానికీ రాయాలి. వీపుకు ఇంట్లో ఎవరో ఒకరు రాయాల్సిందే. ట్యూబ్ మీద క్లోబెటసాల్ ఒక్కటే ఉందో లేదో చదవండి. తామర మందు, యాంటీబయాటిక్ కలిపినవి వద్దు. ఇదీ స్టెరాయిడే, కొంత ఒంట్లోకి ఇంకుతుంది కాబట్టి షుగర్ చూస్తుంటాం. కొందరికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర సరిపోతుంది.

అపోహ: అయితే పెంఫిగస్ అనే ఇంకో పొక్కుల జబ్బుకూ స్టెరాయిడ్ వద్దనొచ్చు.

వాస్తవం: ఇక్కడ నేను ఒప్పుకోను. మానని నోటి పుండ్లతో మొదలై, ముట్టుకుంటే చిట్లే మెత్తని పొక్కులుగా మారే ఈ జబ్బు, స్టెరాయిడ్లు రాకముందు ఎక్కువమంది ప్రాణం తీసేది. ఇప్పుడు మేం చేయగలిగింది స్టెరాయిడ్లను త్వరగా తగ్గించడం. 2017 నాటి పరిశోధనలో రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌తో పాటు కొన్ని నెలలే స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 89 శాతం మంది, రెండేళ్లకు ఏ మందూ లేకుండా బాగున్నారు. స్టెరాయిడ్ ఒక్కటే వాడినవాళ్లలో 34 శాతం. రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి.

అపోహ: పొక్కులు తగ్గాయి, మాత్రలు ఆపేద్దాం.

వాస్తవం: వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావచ్చు. మోతాదు మెల్లగా దించాలి.

అపోహ: పత్తెం ఉండాలి, గుడ్డు, మాంసం ముట్టొద్దు.

వాస్తవం: పచ్చి పుండ్ల నుంచి ప్రోటీన్ కారిపోతుంటే గుడ్డు మాన్పించడం నాకు చాలా బాధనిపిస్తుంది. గుడ్లు, పప్పు, పెరుగు పెట్టండి. నోట్లో పుండ్లుంటే కారం తగ్గించి మెత్తగా కలపండి. ఈ జబ్బు అంటుకోదు. కంచం, మంచం వేరు చేయొద్దు.

అపోహ: చర్మం జబ్బుకు షుగర్ మాత్రల సంగతెందుకు?

వాస్తవం: విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ మాత్రలు కొందరిలో పెంఫిగాయిడ్‌ను రేపుతాయి. మీరే ఆపేయకండి, వాడే మాత్రల షీట్లన్నీ, నొప్పుల మాత్రలతో సహా, సంచిలో వేసుకుని రండి. మార్చాల్సింది ఏదైనా ఉంటే షుగర్ డాక్టర్‌తో మాట్లాడి మారుస్తాం.