‘నేను పిండమునై యుండగా’: గర్భస్థ శిశువు గురించి క్రైస్తవ బోధ నడిచి వచ్చిన దారి

గుంటూరు, విజయవాడల్లోని సంఘాల్లో అబార్షన్ ప్రస్తావన వస్తే ముందుగా వినిపించేది యిర్మీయా గ్రంథం మొదటి అధ్యాయంలోని మాట: “గర్భములో నేను నిన్ను రూపింపక మునుపే నిన్నెరిగితిని.” ఆ వెంటనే 139వ కీర్తన వస్తుంది: “నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను.” లూథరన్ గుడి కావచ్చు, సి.ఎస్.ఐ. గుడి కావచ్చు, ఆర్.సి.ఎం. గుడి కావచ్చు, రేకుల షెడ్డులో నడిచే స్వతంత్ర ప్రార్థన మందిరం కావచ్చు, ఆధారంగా చూపేది ఎక్కువగా ఈ రెండు వాక్యాలనే. వీటిని వింటూ పెరిగిన విశ్వాసికి బైబిలు ఈ విషయంలో సూటిగా ఒక ఆజ్ఞ ఇచ్చిందని అనిపించడం సహజమే. అయితే కడుపు తీయించుకోకూడదనే ఆజ్ఞ బైబిలులో ఎక్కడా ఆ మాటలతో లేదు. యిర్మీయా వాక్యం ఒక ప్రవక్తకు వచ్చిన పిలుపును గురించినది, కీర్తన ఒక భక్తుడు తనను చేసిన దేవుని స్తుతించినది. వీటిలో నుంచి గర్భస్థ శిశువు విలువను గ్రహించి, దానిని బోధగా, నియమంగా, శిక్షగా, క్షమాపణగా మలచింది సంఘం. అందుకు 1,900 ఏళ్లకు పైగా పట్టింది. ఆ దారి తెలియకుండా నేటి వాదనలు అర్థం కావు.

గర్భానికి కలిగే హాని గురించి మోషే ధర్మశాస్త్రంలో నేరుగా మాట్లాడే చోటు ఒకటుంది. అది నిర్గమకాండము 21వ అధ్యాయం 22వ వచనం. ఇద్దరు పోట్లాడుకుంటుండగా గర్భవతికి దెబ్బ తగిలితే ఏం చేయాలో అక్కడ ఉంది. మన తెలుగు బైబిలు దీనిని “గర్భపాతమేగాక మరి ఏ హానియు రానియెడల” అని అనువదించింది. అలాంటప్పుడు కొట్టినవాడు నష్టపరిహారం ఇచ్చుకోవాలి, హాని కలిగితే మాత్రం ప్రాణానికి ప్రాణం. దీనిని బట్టి చూస్తే ప్రాణంతో సమానమైన శిక్ష తల్లికి హాని జరిగినప్పుడే. హెబ్రీ మూలంలో ఉన్నది మాత్రం ‘ఆమె పిల్లలు బయటికి వస్తే’ అన్న అర్థమిచ్చే మాట కాబట్టి, ఇటీవలి ఇంగ్లిషు అనువాదాలు కొన్ని దానిని నెలలు నిండకుండా జరిగిన కాన్పుగా తీసుకుని, హాని అన్న మాటను బిడ్డకు కూడా వర్తింపజేశాయి. క్రీస్తుకు పూర్వం యూదులు గ్రీకులోకి తెచ్చుకున్న సెప్టువజింటు అనువాదం మూడో దారి పట్టింది. అందులో తేడా హాని ఉందా లేదా అన్నది కాదు, బయటికి వచ్చిన పిండానికి రూపం ఏర్పడిందా లేదా అన్నది. రూపం ఏర్పడకపోతే జరిమానా, ఏర్పడితే ప్రాణానికి ప్రాణం. తొలి క్రైస్తవులు ఎక్కువగా చదివింది ఈ గ్రీకు బైబిలునే. రూపం వచ్చిన పిండం, రూపం రాని పిండం అన్న విభజన క్రైస్తవ ఆలోచనలో శతాబ్దాల పాటు నిలవడానికి ఈ అనువాదం ఒక ముఖ్య కారణం.

కొత్త నిబంధనలో లూకా సువార్త దృశ్యం ఇంకో విధంగా పనిచేసింది. మరియ వందనం వినగానే ఎలీసబెతు గర్భంలో శిశువు గంతులు వేసెనని అక్కడ ఉంది. గర్భంలోని యోహానుకు లూకా వాడిన ‘బ్రెఫోస్’ అనే గ్రీకు మాటనే తరువాతి అధ్యాయంలో పశువుల తొట్టిలో పడుకున్న యేసుకూ వాడాడు. తెలుగు అనువాదకులు రెండు చోట్లా ‘శిశువు’ అనే అన్నారు. ఆ మాటను అలా నిలబెట్టినందుకు వారికి కృతజ్ఞత చెప్పుకోవాలనిపిస్తుంది.

రోమా సామ్రాజ్యంలో అబార్షన్, పుట్టిన బిడ్డను వీధిలో వదిలేయడం, రెండూ మామూలు విషయాలుగా ఉన్న కాలంలో సంఘం పుట్టింది. అపొస్తలుల బోధ అని పేరున్న ‘దిదాఖే’ చాలా తొలినాటి క్రైస్తవ రచన. బిడ్డను గర్భంలో చంపకూడదు, పుట్టినదానిని చంపకూడదు అని అది రెండింటినీ ఒకే ఊపులో చెప్పింది. 177 ప్రాంతంలో అథెనగొరస్ అనే క్రైస్తవ రచయిత, తమవారు నరమాంసం తింటారన్న నిందకు చక్రవర్తికి జవాబిస్తూ, మందులతో గర్భం పోగొట్టుకోవడాన్నే హత్యగా ఎంచే మేము మనుషులను ఎలా చంపుతామని అడిగాడు. 197 ప్రాంతంలో తెర్తుల్లియన్ అనే మరో క్రైస్తవ రచయిత, మనిషి కాబోయేది కూడా మనిషే అన్నాడు. ఇక్కడ గమనించవలసింది, పిండానికి ఆత్మ ఎప్పుడు వస్తుందన్న దానిపై వీరికి ఏకాభిప్రాయం లేకపోయినా, ఆ పని చేయకూడదన్న దానిపై భేదం లేదు.

ఆత్మ ఎప్పుడు వస్తుందన్న ప్రశ్న మాత్రం చాలాకాలం వెంటాడింది. మగపిండానికి 40 రోజులకు, ఆడపిండానికి 90 రోజులకు రూపం వస్తుందని అరిస్టాటిల్ రాసిన లెక్క మధ్యయుగపు వేదపండితుల చేతికి వచ్చింది. పునీత అగస్తీను రూపం లేని పిండం విషయంలో హత్య అన్న మాట వాడడానికి వెనుకాడాడు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు మానవాత్మ గర్భధారణ నాడు కాదు, ఆ తరువాత వస్తుందని బోధించాడు. ఈ తేడా అపరాధం తీవ్రతను, ప్రాయశ్చిత్తాన్ని నిర్ణయించడానికి పనికొచ్చిందే తప్ప, తొలి వారాల్లో చేస్తే తప్పు లేదని వీరిలో ఎవరూ అనలేదు. 1588లో 5వ సిక్స్టస్ పోపు ఏ దశలో చేసినా శిక్ష ఒకటే, సంఘం నుంచి వెలివేత అని చెప్పి, ఆ వెలివేతను తొలగించే అధికారాన్ని రోముకే పరిమితం చేశాడు. మూడేళ్లు తిరగకుండానే, 1591లో 14వ గ్రెగొరీ పోపు దానిని సడలించి పాత తేడాను మళ్లీ తెచ్చాడు. ఆ తేడా 1869లో 9వ పయస్ పోపు కాలంలో శాశ్వతంగా పోయింది.

ఆ మధ్యలో రెండు సంగతులు జరిగాయి. 1827లో కార్ల్ ఎర్నస్ట్ ఫాన్ బేర్ క్షీరదాల అండాన్ని సూక్ష్మదర్శినిలో చూపించడంతో అరిస్టాటిల్ శరీరశాస్త్రం కూలిపోయింది. 1854లో అదే 9వ పయస్ పోపు మరియ మాత తన తల్లి గర్భంలో పడిన క్షణం నుంచే నిష్కళంక, అంటే జన్మపాపం అంటనిది, అని ప్రకటించారు. ఈ ప్రకటన కతోలిక ఆలోచనను గర్భధారణ క్షణం మీదికి మళ్లించిందని కొందరు చరిత్రకారులు అంటారు. నాలుగేళ్ల తరువాత ఫ్రాన్సులోని లూర్దులో కనిపించిన మాత ఆ నిష్కళంక పేరుతోనే తనను తాను చెప్పుకుందని కతోలికుల విశ్వాసం. ఆ లూర్దు మాతనే విజయవాడ గుణదల కొండ మీద 1924 నుంచి కొలుస్తున్నారు. ఏటా ఫిబ్రవరిలో 9 నుంచి 11 వరకు తలనీలాలు ఇచ్చి, కొండెక్కి కొబ్బరికాయ కొట్టే లక్షలాది మందిలో ఈ సంబంధం తెలిసినవారు తక్కువే కావచ్చు, కానీ పండుగ ఆ చరిత్రలో భాగమే.

మన జిల్లాలకు ఈ బోధ పుస్తకంగా కంటే ప్రసూతి వార్డుగానే ఎక్కువగా వచ్చింది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరారు. 40 ఏళ్ల తరువాత, 1883లో, డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వచ్చారు. మిషన్ ఆమెను మొదట వైద్యానికి కాక బోధన పనికే నియమించింది. కానీ మగ వైద్యుని దగ్గరికి వెళ్లడానికి ఇంటివారు ఒప్పుకోక, కాన్పు కష్టమై చనిపోతున్న స్త్రీలను చూస్తూ ఆమె ఊరుకోలేకపోయారు. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఈనాటికీ పెద్దవాళ్లు దానిని కుగ్లర్ ఆస్పత్రి అనే పిలుస్తారు.

కతోలికుల వైపు 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో కన్యస్త్రీ అయ్యారు. అప్పటి నియమాల ప్రకారం కన్యస్త్రీలు వైద్యం చేయడానికి, ముఖ్యంగా కాన్పులు చేయడానికి వీలులేదు. ఆమెకు 15వ బెనడిక్ట్ పోపు ప్రత్యేక అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఆ నియమాన్ని రోము అందరికీ సడలించింది 1936లో. చిన్న డిస్పెన్సరీని సెయింట్ జోసెఫ్ ఆస్పత్రిగా పెంచి, ఊరి ఆడపిల్లలకు కాంపౌండరు పని, మంత్రసాని పని, నర్సు పని నేర్పించి, 1943లో దేశంలోని కతోలిక ఆస్పత్రుల సంఘానికి ఆమె పునాది వేశారు. పిండం విలువ గురించి మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటే, తల్లి మంచం పక్కన రాత్రులు గడిపిన ఇలాంటి వారికే ముందు ఉంటుందని నా నమ్మకం.

చట్టం వేరే దారిలో వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్, తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప గర్భస్రావం చేయించడాన్ని నేరంగా చేసింది; మామూలుగా మూడేళ్ల వరకు, కడుపులో బిడ్డ కదలిక మొదలయ్యాక ఏడేళ్ల వరకు శిక్ష. రూపం వచ్చిన పిండం, రాని పిండం అన్న ఆ పాత విభజనకు ఇది దూరపు బంధువు. రోము 1869లో వదిలేసిన తేడా, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్‌లో ఇంకా అలాగే ఉంది. నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకుని స్త్రీలు చనిపోతున్నారన్న ఆందోళనతో 1964లో శాంతిలాల్ షా కమిటీ ఏర్పడింది. దాని సిఫార్సుల ఫలితంగా 1971లో, కొన్ని షరతులతో వైద్యులు గర్భం తొలగించడానికి అనుమతించే ఎం.టి.పి. చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది; ఆ గడువు పెళ్లికానివారికీ వర్తిస్తుందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

1965లో రెండవ వాటికన్ మహాసభ, 1968లో 6వ పౌలు పోపు, 1995 మంగళవార్త పండుగ నాడు 2వ జాన్ పౌల్ పోపు ఇచ్చిన లేఖ, అన్నీ కతోలిక బోధను ఒకే దిక్కున బిగించాయి. తల్లి ప్రాణం మాటేమిటన్న ప్రశ్నకు 1951లో 12వ పయస్ పోపు జవాబు చెప్పారు. తల్లికి అవసరమైన చికిత్స చేస్తుండగా, ఉద్దేశించకుండా బిడ్డ ప్రాణం పోతే అది పాపం కాదు, బిడ్డను చంపడమే మార్గంగా ఎంచుకోవడం మాత్రం కూడదు. గర్భిణి గర్భసంచిలో క్యాన్సరు ఉంటే ఆ సంచిని తీయవచ్చనడం ఈ సూత్రం మీదే. బ్రిటన్‌లోని 1967 చట్టంలో మనస్సాక్షి ఒప్పుకోని వైద్యుడు తప్పుకునే సెక్షన్ ఉంది. మన చట్టంలో అలాంటిది లేదు. అయితే ప్రైవేటు ఆస్పత్రి ఈ పని చేయాలంటే ముందుగా ప్రభుత్వ ఆమోదం పొందాలి కాబట్టి, చేయకూడదనుకున్న ఆస్పత్రి ఆ ఆమోదం కోరకుండా ఉండిపోవచ్చు.

ప్రొటెస్టంట్లలో అందరి తరఫున మాట్లాడే పీఠం లేదు. 16వ శతాబ్దంలో కాల్విన్ నిర్గమకాండానికి రాసిన వ్యాఖ్యానంలో, గర్భంలో ఉన్నది అప్పటికే మనిషి అని, దానిని చంపడం ఘోరమని అన్నాడు. 20వ శతాబ్దంలో దారులు చీలాయి. 1965లో ఇంగ్లండు సంఘం తరఫున వచ్చిన నివేదిక, తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్ర ముప్పు ఉంటే అనుమతించవచ్చంది. అమెరికాలో సదరన్ బాప్టిస్టులు 1971లో కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌ను అనుమతించే చట్టాలను కోరుతూ తీర్మానం చేసి, 1980 నాటికి దాదాపు పూర్తి నిషేధం వైపు తిరిగారు. మన తెలుగు బాప్టిస్టు సంఘాలు వారి మిషన్‌వి కావు, అయినా ఆ తరువాతి అమెరికా వాదన సెల్‌ఫోను ప్రసంగాల ద్వారా ఇక్కడి మందిరాలకు చేరింది. ఆ ప్రసంగాల్లో మంత్రసాని లేదు, వార్డు లేదు, అత్తింటి ఒత్తిడి లేదు, ఆడపిల్ల అని తెలుసుకుని తీయించమన్న మాట లేదు. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం చేయవలసి వచ్చిన దేశంలో, ఆ చివరి మాటను వదిలేసి గర్భస్థ శిశువు గురించి ప్రసంగించడం నాకు మింగుడుపడదు.

నిషేధంతో పాటే నడిచిన ఇంకో చరిత్రను మన వేదికలు ఇంకా తక్కువగా చెబుతాయి. అది తిరిగి చేర్చుకోవడం. 314లో అన్‌కైరాలో (నేటి టర్కీలోని అంకారా) కూడిన బిషప్పుల సభ, అంతకు ముందు మరణం వరకు సంఘానికి దూరంగా ఉంచే నియమం ఉండేదని గుర్తుచేసి, దానిని పదేళ్ల ప్రాయశ్చిత్తానికి తగ్గించింది. 374 ప్రాంతంలో, రూపం ఏర్పడిందా లేదా అని మేము లెక్కలు తీయమని గట్టిగా చెప్పిన పునీత బాసిలు కూడా, అదే లేఖలో, స్వస్థతను కాలంతో కాక పశ్చాత్తాపంతో కొలవాలన్నాడు. 2016 నవంబరులో ఫ్రాన్సిస్ పోపు, అప్పటివరకు బిషప్‌గారికో, ఆయన అధికారమిచ్చిన గురువుకో ఉన్న ఈ పాపవిమోచన అధికారాన్ని గురువులందరికీ శాశ్వతంగా ఇచ్చారు. అంటే తెనాలి దగ్గర ఏ పల్లెటూరి విచారణ గురువైనా పాపసంకీర్తనం విని, అక్కడికక్కడే ఆ స్త్రీని క్షమించి పంపవచ్చు. పక్క వీధిలోని ప్రార్థన మందిరంలో అలాంటి పద్ధతి లేదు. అక్కడి స్త్రీ ఆదివారం 139వ కీర్తన ప్రసంగం వింటూ, చివరి వరుసలో కూర్చుని, ఎవరికీ చెప్పుకోకుండానే ఇంటికి వెళుతుంది.